ఉప్పు మోసినవాళ్లను దొంగల్ని చేసిందెవరు?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు మనవాళ్లు. ఆ మాట ఇంట్లో అంటే విని ఊరుకోవచ్చు. తెల్లదొర దాన్ని ఏకంగా చట్టం చేసి కూర్చున్నాడు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం తెగలకు తెగలనే పుట్టుదొంగలని తేల్చేసింది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తగిలించారు. ఎరుకలవారు చిక్కారు. వేలిముద్రలు, హాజరు పట్టీ, ఊరు దాటాలంటే పాసు. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల మీదుగా, వీళ్లను కట్టడిలో ఉంచే సెటిల్మెంటుగా స్టువర్టుపురం వెలిసింది. పేరు మాత్రం మద్రాసు ప్రభుత్వంలోని పెద్దమనిషి హెరాల్డ్ స్టువర్టుది.

అంతకుముందు ఈ ఎరుకలు ఏం చేసేవాళ్లు? ఉప్పు ఎరుకలని ఓ శాఖకు పేరే ఉంది. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును మెట్ట ఊళ్లకు చేర్చి, ధాన్యం వేసుకుని తిరిగొచ్చేవాళ్లు. ఉప్పును సర్కారు గుప్పిట పెట్టుకుంది. రైలొచ్చింది. బేరం పోయింది. పొట్ట కొట్టిన ఆ సర్కారే పోలీసు రిజిస్టరు తెరిచి, వీళ్ల నెత్తురే అంత అని రాసుకుంది. ఎంత సుఖమైన శాస్త్రం!

ఆ శాస్త్రాన్ని దొరలైనా నమ్మారా? 1897 సవరణ నాలుగేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి లాక్కుని సంస్కరణ కేంద్రాల్లో పెట్టే అధికారం సర్కారుకిచ్చింది. నేరం నెత్తుట్లోనే ఉంటే పిల్లాణ్ణి తల్లి ఒడిలోంచి లాగి ఏం లాభం? నెత్తురు వాడి వెంటే వస్తుందిగా!

వారసత్వం ఉత్తిదని నేననను. కాకి గూట్లో పెరిగినా కోకిల కోకిలలాగే కూస్తుంది. కానీ కోకిలను చూపించి మనుషుల మీద తీర్పులు చెప్పేవాళ్లు ఎలుకల ఊసెత్తరేం? చిక్కుదారుల్లో దారి కనిపెట్టే చురుకు ఎలుకలను, తడబడే మందకొడి ఎలుకలను శాస్త్రవేత్తలు తరాల తరబడి ఏరి, రెండు వంశాలుగా పెంచారు. తెలివి రక్తంలోనే ఉందని అందరూ చంకలు గుద్దుకున్నారు. 1958లో కూపర్, జుబెక్ అలాంటి వంశాల పిల్లల్నే తీసుకుని బోన్లు మార్చారు. ఉయ్యాలలు, సొరంగాలు ఉన్న బోనులో పెరిగిన మందకొడివి చురుకువాటికి దాదాపు సమానమయ్యాయి. బోసిబోనులో చురుకువి మందకొడి స్థాయికి దిగజారాయి.

ఎలుకకు దక్కిన న్యాయం ఎరుకలకు దక్కలేదు. 1952లో కేంద్రం ఆ చట్టాన్ని రద్దు చేసింది. దాని చోట అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి. 1991లో ఒకే ఏడాది 'స్టువర్టుపురం దొంగలు', 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' అని రెండు సినిమాలు తీసి ఊరి పరువును టికెట్లకు అమ్ముకున్నాం. ఈ తెగలను పుట్టుదొంగలుగా చూసే జైలు నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేయడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది.

బ్యాంకుల్ని ముంచి విమానమెక్కిన బాబుల నెత్తుటిని మాత్రం ఎవరూ పరీక్షకు పంపలేదు. వాళ్ల కులం మొత్తం రోజూ పోలీస్ స్టేషన్లో హాజరు వేయించుకోవాలని గానీ, వాళ్ల పిల్లలకు నాలుగేళ్లు రాగానే లాక్కుపోవాలని గానీ ఏ సభలోనూ ఎవరూ బిల్లు పెట్టలేదు.