అరుగు మీది నోటు పుస్తకం

మా బరంపురంలో సాయంత్రం అయిదు దాటితే మా నలుగురికీ మాస్టారింటి అరుగే గతి. రాచకార్యాలేవీ ఉండవు. "ఉక్క చంపేస్తోంది" అని ఒకరంటే, "గోపాల్‌పూర్ గాలి తిరిగితే గాని తగ్గదు" అని ఇంకొకరు. అప్పడాల వ్యాపారం చేసే బావకు మబ్బు కనబడితే గుండె దడ. ఎండ లేకపోతే అప్పడం ఆరదు మరి. రైల్వేలో రిటైరైన బాబాయి టీలో పంచదార మానేశానని రోజూ చెబుతాడు. జేబులో బెల్లం ముక్క మాత్రం ఉంటుంది. ఇక నేను, మా అమ్మ వాడిన మాటలన్నీ రాసిపెడతానని పదేళ్ళ కిందట మొదలెట్టి, ‘క’ దగ్గర చతికిలపడ్డవాణ్ణి. "ఏటి, ఇంకా క దాటలేదా?" అని బావ పరాచికం.

మాస్టారు మాత్రం పట్టిన పని వదలరు. 1999 అక్టోబరు 17న మా మీదికి తుఫాను వచ్చింది. ఆ మర్నాటి నుంచి ఆయన ఎండ, వాన, గాలి రోజుకో వరుస చొప్పున రాస్తున్నారు. తారీఖు పక్కన కార్తె కూడా వేస్తారు. ఆ పుస్తకాలు తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఆ తుఫాను, 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన విశాఖను ఊపేసిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు దాటిన తిత్లీ, అన్నీ చిత్త కార్తె గుమ్మంలోనో నడిమధ్యనో వచ్చినవే. నైరుతి వెనక్కి మళ్ళే వేళ సముద్రంలో నీళ్ళింకా వెచ్చగా ఉంటాయి, అందుకే అంటారు మాస్టారు. మన పెద్దలకు ఆ కారణం తెలియకపోవచ్చు, కార్తె మాత్రం తెలుసు.

ఈ మధ్య మాస్టారికి కంటిలో శుక్లం తీశారు. కొన్నాళ్ళు రాతకోతలు వద్దన్నారు. పుస్తకం నా చేతికిచ్చారు. అప్పుడు చూశాను, ప్రతి వరుస చివరా చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. "నలుగురం." "ముగ్గురం. బావకు జ్వరం." ఫైలిన్ మర్నాడు, "కరెంటు లేదు. కొబ్బరి చెట్టు పడింది. నలుగురం క్షేమం." మేం వానా ఎండా మాట్లాడుకుంటున్నాం అనుకున్నాం. ఆయన హాజరు వేస్తున్నారు!

మా ఆవిడ పోయిన ఏడాది పేజీలు కూడా చూశాను. వరసగా పదిహేడు రోజులు "ముగ్గురం". తర్వాతి రోజు, "ఉక్క. నలుగురం. వాడే ముందు ఉక్క సంగతి ఎత్తాడు." ఆ రోజు నేనేం మాట్లాడానో నాకు గుర్తే లేదు. కాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను.

నా దస్తూరీ నచ్చలేదో ఏమో, వారం తిరక్కుండానే ఆ పని ఎనిమిదో తరగతి చదివే మనవరాలికి అప్పగించారు. ఆ పిల్ల తెలుగు గలగలా మాట్లాడుతుంది. బడిలో నేర్చినవి మాత్రం ఒడియా, ఇంగ్లీషు అక్షరాలు. తాత తెలుగులో చెప్పింది చెప్పినట్టు ఒడియా లిపిలో రాసేసింది. "ఇదేమిటి మాస్టారూ!" అన్నాను.

"మాట మనదేగా. అక్షరం నేను నేర్పుతాను. మాటే పోతే అక్షరాలు పెట్టుకుని ఏం చేస్తాం?" అన్నారు.

ఇంతలో ఆ పిల్ల, "కార్తె అంటే ఏంటి తాతా?" అంది. ఇక చూడండి, బాబాయి బెల్లం సంగతి మరిచి అశ్విని నుంచి రేవతి దాకా ఇరవై ఏడూ వల్లె వేయించాడు. మధ్యలో మఖ, పుబ్బ తారుమారు చేస్తే బావ సరిదిద్దాడు.

ఆ రాత్రి నా పాత పుస్తకం దులిపి తీశాను. అందులో ‘కార్తె’ అన్న మాటే లేదు! ‘క’ దగ్గర ఆగడం ఒకందుకు మంచిదే అయింది, వెంటనే చేర్చాను.

మీది బళ్ళారి కావచ్చు, హోసూరు కావచ్చు, యానాం కావచ్చు. మీకూ ఒక అరుగు ఉండే ఉంటుంది. పనికిమాలిన కబుర్లని పిల్లల్ని లోపలికి తరమకండి. పక్కన కూర్చోబెట్టుకోండి.

నేనిక ‘ఖ’లోకి వెళ్ళాలి. వెళ్ళానో లేదో వచ్చే సంచికలో అడగండి.