కర్త లేని ఒప్పుకోలు

కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా విశ్వవిద్యాలయాల్లో సభ మొదలుపెట్టే ముందు ఒక ప్రకటన చదవటం ఆచారమైంది. మనం కూర్చున్న ఈ నేల ఫలానా ఆదివాసీ జాతి వారిదని దాని సారాంశం. దీన్ని నేల ఒప్పుకోలు అందాం. కెనడాలో సత్య సమాధాన కమిషన్ 2015లో 94 సిఫార్సులు చేసిన తర్వాత అక్కడ ఈ ఆచారం మరింత వ్యాపించింది. ఇప్పుడు తరగతిలో దీన్ని పాఠంగా కూడా చెబుతున్నారు. "హృదయపూర్వకంగా రాయండి" అని విద్యార్థికి బోధిస్తున్నారు. ఈ బోధనతోనే మన తగాదా.

చిత్తశుద్ధి అంటే గొంతులో పలికే ఆర్ద్రత కాదు. పొలం కాజేసినవాడు గట్టు మీద నిలబడి కన్నీరు కార్చినంత మాత్రాన పట్టా మారదు. పైగా ఆ కన్నీరు అతనికి మంచివాడనే పేరు కూడా తెచ్చిపెడుతుంది. అనుభూతిని కొలబద్దగా పెట్టుకున్న పాఠం విద్యార్థికి నేర్పేది ఈ విద్యే.

ఇలా తయారయ్యే వాక్యాలను పరీక్షించి చూడండి. "ఈ నేల పూర్వం వారిది, తర్వాత వారి చేతి నుంచి పోయింది." ఎవరు తీసుకున్నారు? వాక్యంలో కర్త లేడు. "పూర్వం" అన్న మాట బతికి వున్న జాతిని పురావస్తుశాలకు పంపుతుంది. "పోయింది" అన్న క్రియ తీసుకున్నవాణ్ణి దాచిపెడుతుంది. ఇది వ్యాకరణ దోషం కాదు, ఆస్తిపరుల అవసరం.

కర్తను వెతికితే దొరకడా? దొరుకుతాడు. 1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం రాష్ట్రాలకు భూమిని పంచింది. దాన్ని అమ్మి ఆ నిధితో వ్యవసాయ, యంత్ర విద్యాలయాలు నడపమన్నది. ఆ భూమి ఎవరిదో 2020లో హై కంట్రీ న్యూస్ పత్రిక లెక్క తేల్చింది: దాదాపు 250 జాతుల నుంచి వచ్చిన సుమారు 1 కోటి 7 లక్షల ఎకరాలు. లాభపడినవి 52 విశ్వవిద్యాలయాలు.

కార్నెల్ సంగతి చూడండి. అది నిలబడ్డ నేల కయూగాలది. కాని దానికి సొమ్ము వచ్చింది ఎక్కడి నుంచి? మోరిల్ చట్టం కింద న్యూయార్క్ రాష్ట్రానికి దక్కిన సుమారు 9 లక్షల 90 వేల ఎకరాల హక్కుపత్రాల నుంచి. వాటిలో పెద్ద భాగం ఎక్కడో విస్కాన్సిన్‌లో వున్న పైన్ అడవులుగా మారింది. అంటే కాళ్ళ కింది నేల పేరు మాత్రమే చెప్పి ఊరుకున్న ఒప్పుకోలు ఎంత గద్గదంగా చదివినా సగం నిజమే. అక్కడి ఆదివాసీ అధ్యయన విభాగపు అధ్యాపకులు ఈ లోటు గుర్తించారు. విశ్వవిద్యాలయ ప్రకటనకు అదనంగా మోరిల్ చట్టాన్ని పేరు పెట్టి చెబుతూ తమ మాట చేర్చారు. చిత్తశుద్ధికి ఇదీ నమూనా. వారు కంఠం మార్చలేదు, లెక్క చూపారు.

"ఇదంతా బూటకం, అసలు మానేయండి" అనే తీవ్రవాదులు కొందరున్నారు. వీరి మాట కూడా చెల్లదు. ఒప్పుకోలు మానేస్తే నేల తిరిగి రాదు సరికదా, బాకీ వున్నదన్న మాట కూడా సభలో వినిపించదు. వాక్యం చాలదన్నది నిజం. సూ జాతివారిని చూడండి. 1868 ఒడంబడికతో తమవైన బ్లాక్ హిల్స్‌ను ప్రభుత్వం 1877లో లాక్కున్నది. 1980లో సుప్రీంకోర్టు వారికి 10 కోట్ల డాలర్లు మించిన పరిహారాన్ని ఖాయపరచింది. వారు పుచ్చుకోలేదు. వారు అడిగింది కొండలను. ఇక నేల తిరిగి ఇవ్వటం అసాధ్యమా? కాలిఫోర్నియాలో యురేకా నగరపాలక సంఘం 2019లో తుళువత్ దీవిలో తన భాగాన్ని వియోత్ జాతికి తిరిగి అప్పగించింది. 1860లో ఊచకోత జరిగిన దీవి అది.

కాబట్టి ఉపాధ్యాయుడు విద్యార్థి హృదయాన్ని పరీక్షించనక్కరలేదు. ప్రశ్నలు ఇవ్వాలి. ఏ ఒడంబడికతో, ఏ చట్టంతో ఈ నేల చేతులు మారింది? ఎంత ధర ఇచ్చారు? ఆ సొమ్ము ఎవరి ఖజానా చేరింది? ఆ జాతి ఈనాడు ఏమి అడుగుతున్నది? సంస్థ ఏమి చేయబోతున్నది? చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ లేమినే ప్రకటనలో రాయాలి. మెత్తని విశేషణాలతో దాన్ని కప్పటం అబద్ధమవుతుంది.

మన తెలుగు విద్యార్థులు కూడా వేల సంఖ్యలో ఆ సభల్లో కూర్చుంటున్నారు. "మా తాతలు ఎవరి భూమీ లాక్కోలేదు" అని వారు తప్పుకోవచ్చు. అమెరికా ఆదివాసుల విషయంలో అది నిజమే కావచ్చు. కాని ఆ భూముల సొమ్ముతో పుట్టిన విద్యాలయంలో చదివేవాడికి దాని జమాఖర్చులు అడిగే హక్కు వున్నది. హక్కు వున్నప్పుడు బాధ్యతా వున్నది. విద్యార్థి భూమిని తిరిగి ఇవ్వలేడు, కాని తిరిగి ఇవ్వగలవాడి పేరు రాయగలడు.

వాక్యానికి కర్తను పెట్టటం నేర్పండి. కర్త తెలిసిన చోట బాకీదారు తెలుస్తాడు. అప్పుడు వసూలు సంగతి మాట్లాడవచ్చు.