హాలు కప్పుకి కార్కు సరే, ముందు జిగురు సంగతి తేల్చుకుందాం



ఈ పుష్యమాసంలో హాల్లో రాత్రి పరిచిన జంపఖానా తెల్లారేసరికి తడిసిపోతోంది. రేకు కారుతోందనుకుని రెండుసార్లు పైకెక్కి తారు పూయించాం. వాన లేని రోజు కూడా చుక్కలు పడుతున్నాయంటే అది కారడం కాదు, రేకుకి పట్టిన చెమట. హాల్లో పడుకున్నవాళ్ళ ఊపిరి, వంటింటి ఆవిరి పైకెళ్ళి, తెరుబలి మంచుకి చల్లబడ్డ రేకుకి తగిలి నీళ్ళవుతున్నాయి.

మొన్న మీటింగులో ఒక తమ్ముడు వీడియో చూపించాడు. ఇనుప పడవల లోపలా ఇదే బాధ. అక్కడ గోడలకి కార్కు పలకలు అంటిస్తారు. కార్కు అంటే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. చెట్టు నరకకుండా సుమారు తొమ్మిదేళ్ళకోసారి వలుస్తారు. ప్రపంచంలో దాదాపు సగం పోర్చుగల్‌లోనే వస్తుంది. మన దగ్గర ఖరీదు ఎక్కువే. అందుకే చర్చంతా ధర మీదే నడిచింది, జిగురు మాత్రం ‘ఏదో ఒకటి’ అని వదిలేశాం. తప్పు అక్కడే జరుగుతోందని మా అభిప్రాయం.

వడ్రంగులు వాడే తెల్ల జిగురు చవక. కానీ అది ఆరాలంటే నీరు బయటికి పోవాలి, ఇనుప రేకు నీటిని పీల్చదు. పైగా తేమ తగిలితే మెత్తబడుతుంది. మన జబ్బే తేమ కదా!

చెప్పుల షాపుల్లో వాడే పసుపు రబ్బరు జిగురు గట్టిది. రెండు వైపులా పూసి, చేతికి అంటనంత ఆరాక నొక్కాలి. ఒకసారి అతుక్కుంటే జరపడానికి ఉండదు. కార్కు బదులు చవగ్గా థర్మోకోల్ పెడదామన్నవాళ్ళకి ఒక మాట: ఈ జిగురులోని ద్రావకం థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. ఆ ఆవిరికి నిప్పంటుకునే గుణం ఉంది, నేల మీదికి దిగి నిలుస్తుంది. మన హాల్లో ఒక మూల నిత్యం దీపం వెలుగుతూనే ఉంటుంది.

పోయినసారి తలుపులు మూసి నేలకి షీటు అంటించిన కుర్రాడు కళ్ళు తిరిగి మెట్ల మీద కూర్చుండిపోయాడు. మనం మజ్జిగ ఇచ్చి మళ్ళీ లోపలికి పంపాం. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే నీటితో చేసిన కాంటాక్ట్ జిగురు తెప్పిద్దామంటున్నాం. దీన్ని కూడా రెండు వైపులా పూసి, ఆరాకే అంటిస్తారు కాబట్టి రేకుతో పేచీ లేదు. కాస్త ధర ఎక్కువ, ఆరడం ఆలస్యం, అంతే. ముందు రేకుని సబ్బునీళ్ళతో కడిగి, తుప్పు గీకి, ప్రైమర్ వేయాలి. జిగురు అక్కడక్కడ ముద్దలుగా కాక పలకంతా పరచాలి. సందు మిగిలితే తడిగాలి అందులో దూరి, కార్కు వెనక మనకి కనబడకుండా రేకుని తినేస్తుంది.

తొందరపడొద్దు. ముందు అడుగు చదరం ముక్కలు రెండు అంటిద్దాం. మే నెల ఎండకి, ఆషాఢం వానకి ఊడకపోతే కార్తీకంలో పని మొదలుపెడదాం. అప్పుడైనా కిటికీలు తెరిచి, దీపం బయట పెట్టి, పనివాళ్ళని గంటకోసారి బయటికి పిలుద్దాం.

కప్పు ఒక ఏడాది ఆలస్యమైతే జంపఖానా తడుస్తుంది. ఆరేసుకుంటాం. మన హాల్లో పనికొచ్చిన మనిషికి ఏమైనా అయితే ఏ ముఖం పెట్టుకుని వాళ్ళింటికి వెళ్తాం?