పాడైన మిక్సీని బడికి ఇవ్వండి

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, ఊరి పెద్దలకు మనవి.

పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుత్ మోటారు పాఠం ఉంది. పిల్లలు బొమ్మ గీస్తారు, భాగాల పేర్లు రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. మోటారేమో మన వంటగదిలో మిక్సీ రూపంలో రోజూ తిరుగుతూనే ఉంది. దాన్ని విప్పి చూసిన పిల్లలు తరగతికి ఎందరుంటారు? చెయ్యి పెట్టబోతే “ముట్టుకోకు, పాడు చేస్తావు” అని కసిరేది మనమే. అది పాడయ్యాక కూడా పిల్లల చేతికి ఇవ్వం, పాత సామాన్ల బండికి వేస్తాం.

మేం అడిగేది ఒక్కటే. ప్రతి ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు వారానికి ఒక పీరియడ్ కేటాయించాలి. ఆ పీరియడ్‌లో పిల్లలు పాడైన ఇంటి యంత్రాలను విప్పాలి, చూడాలి, మళ్లీ బిగించాలి.

మిక్సీని బోర్లించి అడుగున స్క్రూలు తీస్తే పాఠమంతా కళ్లెదుట ఉంటుంది. నడుమ ఆర్మేచర్ అనే తిరిగే తీగచుట్ట, దాని చివర రాగి పలకల కమ్యుటేటర్, దానికి అటూ ఇటూ స్ప్రింగులతో ఒత్తుకుని ఉండే రెండు కార్బన్ బ్రష్‌లు. అరిగి పొట్టిదైపోయిన బ్రష్‌ను కొత్తదాని పక్కన పెట్టండి. నిప్పురవ్వలు ఎందుకొచ్చాయో, లోపలి నల్లపొడి ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు ఏ అమ్మాయో అడుగుతుంది: “పుస్తకంలో అయస్కాంతం ఉంది కదా సార్, ఇందులో ఏదీ?” ఇందులో లేదు. దాని పని మరో తీగచుట్ట చేస్తోంది. మన ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు దిశ మార్చుకుంటుంది. ఆర్మేచర్‌లోనూ ఈ చుట్టలోనూ దిశ ఒకేసారి మారుతుంది కాబట్టి మోటారు ఒకే వైపు తిరుగుతుంది. ఇంత మంచి ప్రశ్న గైడు చదివితే పుట్టదు.

జార్ కింద ఉండే కప్లర్‌నూ చూడనివ్వండి. బ్లేడు బిగుసుకుపోయినప్పుడు ఆ చవక ముక్క అరిగో తెగో మోటారును కాపాడుతుంది. ఏది ముందు విరగాలో ఆలోచించి పెట్టడం ఇంజనీరింగ్‌లో పెద్ద పాఠం.

మన వంటింటి మిక్సీ చరిత్ర కూడా మరమ్మతు నుంచే మొదలైంది. 1960లలో సీమెన్స్ ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో జర్మనీ బ్రౌన్ మిక్సర్ చెడిపోయింది, ఇక్కడ బాగుచేసేవారు దొరకలేదు. భార్య మాధురి పోరగా, మన పప్పులూ మసాలాలూ నూరగలిగే మోటారుతో ఆయనే ఒకటి తయారుచేశారు. అదే సుమీత్ మిక్సీ.

ప్రమాదం మాటేమిటంటారా? ఆ భయం న్యాయమైనదే. ప్లగ్గు కత్తిరించాకే ఏ వస్తువైనా బల్ల ఎక్కాలి. మైక్రోవేవ్ ఓవెన్, పాతకాలపు పిక్చర్ ట్యూబ్ టీవీ అసలు వద్దు, ప్లగ్గు తీసినా వాటిలో ప్రాణాంతకమైన వోల్టేజీ మిగిలి ఉండవచ్చు. గ్యాస్ ఉంటుంది కనుక ఫ్రిజ్ వద్దు. ఫ్యాన్ అయితే కెపాసిటర్‌ను పెద్దవాళ్లే ముందు తీసేయాలి. బిగించాక కరెంటు ఇచ్చి చూసే పని మెకానిక్‌దే.

ఆ మెకానిక్ మన ఊళ్లోనే ఉన్నాడు. ఆయన్ను గౌరవంగా బడికి పిలవాలి, వచ్చిన రోజుకు కూలి నష్టపోకుండా పారితోషికం ఇవ్వాలి. ఊరి పనివాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది; ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రభుత్వ బడులకు అయిదేళ్లలో పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే 50,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ప్రకటించారు. రానివ్వండి, సంతోషం. ఒక బల్లా, నాలుగు స్క్రూడ్రైవర్లూ, ఒక కటింగ్ ప్లయరూ ఉంటే ఈ పీరియడ్ మొదలుపెట్టడానికి అంతదాకా ఆగక్కర్లేదు.

మీ అటక మీది మిక్సీని బడికి ఇవ్వండి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ పీరియడ్ ఎప్పుడు మొదలుపెడతారని హెడ్మాస్టరు గారిని అడగండి. స్క్రూడ్రైవర్ ఆడపిల్లల చేతికీ ఇవ్వమని గట్టిగా చెప్పండి.