లినక్సు ప్రవేశము: ఎంపికలో వివేకము

2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10 అను నిర్వహణ వ్యవస్థకు సాధారణ రక్షణను చాలించినది. గృహస్థులలో కోరినవారికి మాత్రము 2026 అక్టోబరు 13 వరకు గడువు పొడిగింపబడినది. గడువు తీరినంతమాత్రమున యంత్రము ఆగిపోదు. కాని యటుపై బయల్పడు లోపములను పూడ్చువాడుండడు. అది దొంగలకు దిడ్డితలుపు తెరచియుంచుటయే యగును. పోనీ, విండోస్ 11కు మారుదమన్నచో, ఆ వ్యవస్థ టీపీఎం 2.0 అను భద్రతా సాధనమును, ఇంటెల్ వారిదైనచో సామాన్యముగా ఎనిమిదవ తరమునకు తగ్గని ప్రాసెసరును కోరుచున్నది. తిరుపతి, చిత్తూరు పట్టణములలోని గృహములయందును, పాఠశాలలయందును, మామిడి మండీలయందును చక్కగా పనిచేయు పాత యంత్రములకు ఇందువలన అకాలమరణము ప్రాప్తించుచున్నది. కష్టార్జితము వెచ్చించి కొన్న వస్తువును, అది చెడకయే, పరుల నిర్ణయమునకు లోబడి తుక్కునకు వేయుట గృహస్థునకు తగునా?

ఈ యిక్కట్టునకు మార్గాంతరము లేకపోలేదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ ‘గ్నూ’ అను పేర స్వేచ్ఛాసాఫ్టువేరు నిర్మాణమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశమందలి హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు అను మూలభాగమును లోకమునకు వెల్లడించెను. ఈ రెండింటి కలయికచే నేర్పడిన వ్యవస్థను ఎవరైనను వాడవచ్చును, విప్పి చదువవచ్చును, మార్చవచ్చును, ఇరుగుపొరుగులకు పంచిపెట్టవచ్చును. వెల చెల్లింపనక్కఱలేదు, అనుమతి కోరనక్కఱలేదు.

అయినను, ఇందు ప్రవేశింపగోరువారు గుమ్మము కడనే తికమకపడుచున్నారు. ఉబంటు, మింటు, డెబియన్, ఫెడోరా మున్నగు పేర్లు వందలుగా నున్నవి. వానిపై మరల గ్నోమ్, కేడీఈ, సిన్నమన్, ఎక్స్ఎఫ్‌సీఈ యను డెస్కుటాపులు కలవు. ఏది మేలని పదుగురి నడిగిన పదునొకండు సమాధానములు వచ్చును. కొందఱు వారమున కొక వ్యవస్థను ఎక్కించి దించి, విసిగి, తుదకు మానుకొనుచున్నారు.

చిత్తూరు సీమ మామిడి రైతు ఈ విషయమున మనకు గురువు కాదగినవాడు. అతడు అంటుమొక్క కొనబోయినప్పుడు లోకములోని మామిడి జాతుల నెల్ల పరీక్షింపడు. తన నేల యెట్టిది, బావిలో నీరెంత, కాయను కొనువా డెవడు అని మాత్రమే యోచించును. లినక్సు విషయమునను ఇంతే. మూలభాగ మన్నిటికిని ఒక్కటియే. అది వేరుమొక్క వంటిది. దానికి కావలసిన పరికరములను జతకూర్చి యొక సంస్థయో సంఘమో అందించు కూర్పునకు డిస్ట్రిబ్యూషను అని పేరు. కంటి కగపడు తెర, పట్టికలు, కిటికీల అమరిక డెస్కుటాపు. ఒకే కూర్పుపై వేర్వేరు డెస్కుటాపులను అమర్చుకొనవచ్చును గనుక, మొదటి ఎంపిక శాశ్వత బంధము కాదు.

ప్రవేశించువారు విచారింపవలసినవి నాలుగు. మొదటిది ఆయువు. రెండేండ్ల కొకమారు ఏప్రిలులో వెలువడు ఉబంటు దీర్ఘకాలిక కూర్పులకు అయిదేండ్ల రక్షణ కలదు. 2024లో వచ్చిన 24.04 కూర్పునకును, దానిపై నిర్మింపబడిన మింటు 22నకును 2029 వరకు పోషణ యున్నది. నిత్యము మార్పులు తెచ్చు కూర్పులు నేర్పరులకు వినోదము, కొత్తవారికి వ్యసనము. రెండవది యంత్రపు శక్తి. ఎనిమిది జీబీల స్మృతి యున్న యంత్రమున ఏ డెస్కుటాపైనను నడచును. నాలుగు జీబీలే యున్నచో ఎక్స్ఎఫ్‌సీఈ తగును. రెండే యున్నచో ఎల్ఎక్స్‌క్యూటీ తేలిక. కాని అచ్చట బ్రౌజరే యంత్రమును మందగింపజేయును. తిరుగు పళ్లెముల పాత డిస్కును తీసి ఎస్ఎస్‌డీ నమర్చినచో కలుగు వేగము ఏ డెస్కుటాపు మార్పునను కలుగదు. ఇక 32 బిట్ల ప్రాసెసరు గల అతిపురాతన యంత్రములను ఉబంటు, మింటులే గాక, 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 సైతము విడిచినది.

మూడవది, మనకు ముఖ్యమైనది, తెలుగు. తాళ్లపాక వారి సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై శతాబ్దముల తరబడి యుండియు, వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పండితులకు చదువ సాధ్యమైనవి. ఆ లిపి యే వర్తకుని సొత్తును గాకుండుటయే కారణము. మన ముద్రణశాలలలో వాడిన పాత ఫాంట్ల గతి వేరు. అందు తెలుగు అక్షరముల రూపము ఇంగ్లీషు అక్షరముల సంకేతములలో దాగియుండును. ఆ ఫాంటు లేని యంత్రమున అర్థములేని రాతయే మిగులును. అయిదు శతాబ్దముల నాటి రేకు చదువనగుచుండగా, పదేండ్ల నాటి పెండ్లిపత్రిక చదువరాకుండుట వింతగదా! తెలుగునకు 1991 నుండి యూనికోడులో స్థిరమైన స్థానము కలదు. కనుక పాత దస్త్రములను ముందుగా యూనికోడులోనికి మార్చుకొని, పిదప వ్యవస్థను మార్చవలయును. కొత్త వ్యవస్థలో స్త్రీ, లక్ష్మి, జ్యోత్స్న అను మాటలను ఇన్‌స్క్రిప్టు పద్ధతిని టైపుచేసి, ముద్రించి, అక్షరములు సరిగా నున్నవో లేవో చూడవలయును. ఈ పరీక్షలో తప్పిన వ్యవస్థ యెంత సొగసైనదైనను తెలుగువానికి కొఱగాదు.

నాలుగవది సహాయము. ఊరిలో దెలిసినవాడు వాడు కూర్పే కొత్తవానికి ఉత్తమమైనది. చిక్కు కలిగిన సాయంకాలమున పొరుగువాని యనుభవము వేయి ప్రశంసలకంటె నెక్కువ.

మారదలచినవారు తొందరపడరాదు. పెన్‌డ్రైవు నుండియే లినక్సును నడిపి, డిస్కు జోలికి పోకుండ పరీక్షింపవచ్చును. ప్రింటరు, వైఫై, శబ్దము పనిచేయుచున్నవో లేవో చూచి, దస్త్రముల నన్నిటిని వేఱొకచోట నకలు తీసికొని, పిమ్మటనే స్థాపింపవలయును. ట్యాలీలో లెక్కలు వ్రాయు వర్తకులును, పాత పేజీమేకరుపై నాధారపడిన ముద్రాపకులును ఆ పనికి ఒక విండోస్ యంత్రము నుంచుకొనుటయే మేలు. ఆ కార్యక్రమములు లినక్సు కొఱకు నిర్మింపబడినవి కావు. అన్నిటికిని లినక్సే మందని చెప్పు నుత్సాహవంతులు దానికి మేలుకంటె కీడే చేయుచున్నారు.

మా సిద్ధాంతము చెప్పవలసినచో, సామాన్య గృహస్థునకు మింటు చాలును: ఎనిమిది జీబీలున్న సిన్నమన్, నాలుగున్న ఎక్స్ఎఫ్‌సీఈ. ఒకమారు ఎన్నుకొని ఆరుమాసములు దానినే వాడవలెను. మాటిమాటికి పెఱికి నాటిన మొక్క వేరూనదు.

ఇది వ్యక్తుల వలననే తీరు పని కాదు. కేరళలో ప్రభుత్వ పాఠశాలలు 2000 దశకము నుండి స్వేచ్ఛాసాఫ్టువేరుతో విద్య గఱపుచున్నవి. చెన్నైలోని సీడాక్ సంస్థ 2007లో డెబియన్ ఆధారముగా ‘బాస్’ వ్యవస్థను వెలువరించి భారతీయ భాషలకు చోటొసగినది. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు వ్యవస్థకై పాటుపడినది. మార్గము పరులు చూపనవసరము లేదు; నడచువారే కావలయును. తిరుపతిలో 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము కలదు. 2015 నుండి ఐఐటీ, ఐసర్ అను సంస్థలు కలవు. కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. వీని విద్యార్థులు నెల కొక ఆదివారము ఒక పాఠశాలకు బోయి, పాత యంత్రములను పరీక్షించి, వ్యవస్థను స్థాపించి, తెలుగు టైపును నేర్పినచో, అది పట్టమునకు మించిన విద్య యగును. పాఠశాలాధికారులు కొత్త యంత్రములకు అర్జీలు వ్రాయుటకు ముందు, బీరువా ప్రక్కన దుమ్ముపట్టియున్నవానిలో ఎన్ని బ్రతికింపదగినవో లెక్క తీయవలయును. ఆ లెక్క తీయక చేయు ప్రతి కొనుగోలును ప్రజల ధనమున దుబారాయే యగును.