మోచెయ్యి పైకి!

ఇక్కడ డాలస్ చుట్టుపక్కల ఏ శనివారం పొద్దున పార్కుకెళ్లినా, ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ గ్రౌండు కంచె పట్టుకుని ఇద్దరు ముగ్గురు మన నాన్నలు నిలబడి కనిపిస్తారు. మడత కుర్చీలు తెచ్చుకుంటారు గానీ వాటిలో కూర్చోరు. కూతురు బ్యాట్ పట్టుకుని ప్లేట్ దగ్గరికి రావడం ఆలస్యం, కేకలు మొదలు. "మోచెయ్యి పైకి! బంతి చూడు! గట్టిగా కొట్టు!"

మా బావగారూ అందులో ఒకరు. చిన్నప్పుడు కాలేజీ టీముకు ఓపెనర్‌గా దిగిన మనిషి. క్రికెట్లో స్ట్రెయిట్ డ్రైవ్ కొట్టాలంటే ముందు మోచెయ్యి పైకి ఉండాలి, నిజమే. ఆయన చెప్పేది ఎడమ మోచెయ్యి. మా మేనకోడలు ఎత్తేది కుడి మోచెయ్యి! ఎందుకంటే సాఫ్ట్‌బాల్లో "ఎల్బో అప్" అంటే వెనక మోచెయ్యి అని టీములో పిల్లలందరికీ తెలుసు. ఆ వెనక మోచెయ్యి భుజం కంటే పైకి ఎత్తిందనుకోండి, స్వింగ్ మొదలవగానే అది ధబాలున కిందికి దిగి పక్కటెముకలకు అతుక్కుంటుంది. బ్యాట్ మొన వెనకే వేలాడిపోతుంది. బంతి వెళ్లిపోయాక బ్యాట్ వస్తుంది.

నిరుడు బాగానే కొట్టిన పిల్ల ఈ ఏడాది వరసగా స్ట్రైకవుట్ అవుతోంది. మూడో వారం కారెక్కగానే "మామయ్యా, నేను మానేస్తా" అంది. పదకొండేళ్ల పిల్ల. ఏడవలేదు కూడా, చాలా మామూలుగా అనేసింది. నాకు అదే భయం వేసింది.

అసలు మారిందేమిటో చూడండి. నిరుడు ఆమె పదేళ్లలోపు విభాగంలో ఆడింది. అక్కడ బంతి చుట్టుకొలత 11 అంగుళాలు, పిచ్చర్ నిలబడేది 35 అడుగుల దూరంలో. పన్నెండేళ్లలోపు విభాగానికి వచ్చేసరికి బంతి 12 అంగుళాలు, దూరం 40 అడుగులు. దూరం పెరిగింది కదా, తేలికవ్వాలిగా అంటారు బావగారు. దూరంతో పాటు పిచ్చర్ల వయసూ, చేతి బలమూ పెరిగాయి. గంటకు 50 మైళ్ల వేగంతో వేస్తే బంతి సెకనుకు 73 అడుగులు వస్తుంది. పిచ్చర్ ముందుకు పెద్ద అడుగు వేసి వదులుతుంది కాబట్టి మన పిల్లకు దక్కేది అర సెకను కూడా ఉండదు. అందులోనే చూడాలి, కొట్టాలా వద్దా తేల్చుకోవాలి, బ్యాట్ తిప్పాలి. ఇంత ఇరుకు సమయంలో కంచె అవతల నుంచి మూడు సలహాలు వస్తే ఏది వినాలి?

టీముకు సహాయ కోచ్‌గా నాలుగేళ్ల నుంచి చూస్తున్నాను. చిన్న హిట్టర్ల తప్పు చేతుల్లో కనిపిస్తుంది గానీ, దాదాపు ఎప్పుడూ అది పుట్టేది కాళ్ల దగ్గర. స్వింగ్ కింది నుంచి పైకి వస్తుంది. ముందు బరువు వెనక కాలి మీదికి వెళ్లాలి. తరవాత ముందు కాలు చిన్న అడుగు వేసి మడమ ఆనాలి. ఆ మడమ ఆనిన క్షణానికి చేతులు ఇంకా వెనక భుజం దగ్గరే ఉండాలి. అప్పుడు నడుము తిరుగుతుంది, దాని వెనక ఛాతీ, ఆఖర్న చేతులు. చర్నాకోల ఝళిపించడం చూశారుగా? పిడి ముందు కదులుతుంది, మొన చివర్న చప్పుడు చేస్తుంది. అలాగన్నమాట.

ఫోన్లో స్లో మోషన్ వీడియో తీశాను, ఆమె ఛాతీ వైపు నిలబడి. అడుగు పడేసరికి చేతులు కూడా ముందుకు వచ్చేశాయి. బరువంతా ముందు కాలి మీద కూలబడింది. ఇక నడుము తిరిగినా మిగిలిందేముంది, చేతులతో తోయడమే. వీడియో చూపిస్తే తనే కనిపెట్టింది. "అయ్యో, నేను పడిపోతున్నా మామయ్యా" అంది. నేనేమీ చెప్పలేదు.

ఆ తరవాత మూడు వారాలు ఒక్కటే పని. టీ మీద బంతి పెట్టి, అడుగు వేసి ఆగమనడం. లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుని అప్పుడు కొట్టాలి. బరువు ముందుకు పడిపోతుంటే ఆగలేదు, తూలుతుంది. తప్పు ఎవరూ చెప్పక్కర్లేదు. టీ పెట్టే చోటు కూడా ముఖ్యం. చాలామంది ప్లేట్ మధ్యలో పెట్టేస్తారు. ముందు పాదానికి ఎదురుగా ఉండాలి, బంతి తగలాల్సింది అక్కడ. వారానికి నాలుగు రోజులు, రోజుకు పాతిక స్వింగులు చాలు. ఆదివారం రెండొందలు కొట్టిస్తే వందో స్వింగు నుంచి పిల్ల నేర్చుకునేది అలసటే.

వెనక పాదంతో పురుగును నలిపినట్టు తిప్పమని పాత కోచ్‌లు చెప్పేవారు. నాకది నచ్చదు. పాదం తిరుగుతుంది గానీ బరువు వెనకే ఉండిపోతుంది. నడుము సరిగా తిరిగితే పాదం తనంతట తానే వేళ్ల మీదికి లేస్తుంది.

నాలుగో వారం మ్యాచ్‌లో హిట్ రాలేదు. రెండు ఫౌల్ బంతులు వచ్చాయి, రెండూ ఫస్ట్ బేస్ వైపు. బావగారు నిట్టూర్చారు. కుడిచేతి హిట్టర్‌కు బంతి అటు వెళ్లిందంటే స్వింగ్ కొంచెం ఆలస్యమైందని అర్థం. అంతకుముందు గాలిని కొట్టిన పిల్ల ఇప్పుడు బంతిని తాకుతోంది, వెంట్రుకవాసి ఆలస్యంగా. "బావా, ఇది మంచి వార్త" అన్నాను. ఆయన నమ్మలేదు. పిచ్చర్ చెయ్యి తలపైకి వచ్చేటప్పుడే బరువు వెనక్కి తీసుకోమని పిల్లకు చెప్పాను. ఆ వారానికి ఆ ఒక్క మాటే. మరుసటి శనివారం షార్ట్‌స్టాప్ తల మీదుగా ఒకటి పంపింది. సింగిలే. బేస్ మీద నిలబడి మావైపు చూడలేదు, హెల్మెట్ సర్దుకుంటూ ఉంది.

బ్యాట్ సంగతి అడుగుతారని తెలుసు. పొడవు అంగుళాల్లో, బరువు ఔన్సుల్లో ఉంటుంది. 30 అంగుళాల బ్యాట్ మీద మైనస్ 10 అని ఉంటే బరువు 20 ఔన్సులు. ఒక చేత్తో పిడి చివర పట్టుకుని భుజం ఎత్తులో పక్కకు చాపమనండి. పది పదిహేను సెకన్లలోపే మొన వాలిపోతే ఆ బ్యాట్ ఇంకా బరువే. సీజన్ మొదట్లో బావగారు మూడొందల డాలర్లకు పైగా పోసి కొన్న 32 అంగుళాల బ్యాట్ ఈ పరీక్షలో ఆరు సెకన్లు నిలిచింది. ఇప్పుడది గరాజ్‌లో ఉంది. పిల్ల నిరుటి పాతదానితోనే కొడుతోంది.