అనుభవం ఎవరిది?

"ఎక్స్‌పీరియన్స్ ఎంత?"

ఈ ప్రశ్న మీద రాస్తున్నాను. చూడటానికి అమాయకంగ ఉంటది. కాదు. ఆసుపత్రి గేటు కాడ నిలబడి మా ఆడపిల్లల్ని ఆపే కావలి కర్ర ఇది. వెనుకట "ఏ వాడ?" అని అడిగి ఆపెటోళ్ళు. ఇప్పుడట్ల అడిగితే కేసయితది. అందుకే ఎక్స్‌పీరియన్స్ అడుగుతున్నరు.

ఉత్తగ అంటలేను. మా చెల్లె నర్సు. ఉత్త నర్సు కూడా కాదు, నర్స్ ప్రాక్టీషనర్ చదివింది. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది, రెండోది ఆమెది. మొదటి ఉద్యోగం కోసం ఆమె తిరుగుడు ఒక్కసారితోని అయిపోలే. బీయస్సీ నర్సింగ్ అయినంక ఒకసారి తిరిగింది. ఆ పై చదువు అయినంక మళ్ళ మొదటి నుంచి తిరిగింది. రెండుసార్లూ గేటు కాడ అదే ప్రశ్న.

అనుభవం లెక్క తీయాలంటే మా నాయనమ్మ నుంచి తీయాలె. ఆమె మాదిగ మంత్రసాని. ఊర్లె దొరల ఇండ్లల్ల, రెడ్ల ఇండ్లల్ల, కోమట్ల ఇండ్లల్ల నొప్పులొస్తే నడిరాత్రి లాంతరు పట్టుకొని మనిషి మా వాడకు ఉరికొచ్చెటోడు. బిడ్డ అడ్డం తిరిగిందా, కాళ్ళతోని వస్తుందా అనేది కడుపు మీద చెయ్యి పెట్టి చెప్పేది. బొడ్డు కోసేది. మాయను బొంద పెట్టేది. బాలింతకు నీళ్ళు పోసేది. ఇంత చేస్తే శేర్ల లెక్కన వడ్లు, ఒక పాత చీర. ఆమె గడప దాటినంక ఆమె నడిచిన జాగను నీళ్ళు చల్లి కడుక్కునెటోళ్ళు. బిడ్డను పట్టుకునే దాకా ఆ చేతులు కావాలె. పట్టుకున్నంక అవే చేతులు మైల. నలభై ఏండ్లు చేసిందా పని. ఏ కాగితం మీదా ఎవడూ దాన్ని ఎక్స్‌పీరియన్స్ అని రాయలే.

నెత్తురు, చీము, మలం ముట్టుకునే పని నీచమని చెప్పిన శాస్త్రం మాది కాదు. ఆ శాస్త్రం పుణ్యాన పై కులాలు చాన్నాళ్ళు తమ ఆడపిల్లల్ని నర్సింగ్ వైపు పోనియ్యలే. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచింది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి వచ్చింది. ఇట్లాంటి మిషన్ ఆసుపత్రుల కాలంలో ఈ దేశపు నర్సుల్లో క్రైస్తవ స్త్రీలే ఎక్కువ. తెలుగు నేల మీద ఆ క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల మాదిగ వాడల నుంచి పోయినోళ్ళే. ఎవరూ ముట్టని రోగిని ముట్టింది మనోళ్ళు. అప్పుడు గేటు కాడ ఎవడూ నిలబడలేదు. ఆ పనికి జీతమూ, గౌరవమూ, పరాయి దేశపు వీసా వచ్చినంకనే గేటు లేచింది.

నా సంగతి చెప్తాను, పోల్చుకోండి. నేను సర్కారు బడిలో టీచర్ని. 2017 టీఆర్‌టీలో ఎంపికైన. ఆ నోటిఫికేషన్‌లో పరీక్ష ఉంది, టెట్ మార్కులు ఉన్నయి, రోస్టర్ ఉంది. "ఇంతకు ముందు ఎక్కడ పాఠం చెప్పినవ్?" అన్న గడి లేదు. మొదటి రోజు సుద్దముక్క పట్టుకున్ననాడు నాకు అనుభవం సున్న. పిల్లలు నేర్పిన్రు, పక్క తరగతి పెద్దసారు నేర్పిండు. మొదటి కొలువంటే అర్థమే అది కదా, పని నేర్చుకునే జాగ. మొదటి కొలువుకే పాత కొలువు కావాలంటే, ఇంట్ల ఇదివరకే కొలువులున్నోళ్ళ పిల్లలకు తప్ప ఇంకెవరికి దొరుకుతది? తొలి తరం చదువుకున్నోళ్ళను బయట ఉంచాలంటే ఇంతకన్న శుభ్రమైన ఉపాయం లేదు.

మా చెల్లె గురుకులంలో బైపీసీ చదివి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో చేరింది. ఆ కాలేజీకి సొంత ఆసుపత్రి ఉంది. నాలుగేండ్ల పొడుగునా ఆ వార్డుల్లోనే క్లినికల్ పోస్టింగులు. బెడ్లు వేసింది, బీపీలు చూసింది, ఐవీలు పెట్టింది, రాత్రి డ్యూటీలు చేసింది. ఒక్క రూపాయి రాలే. పైగా ఆమె పేరు మీద సర్కారు సొమ్ము కాలేజీకి పోయేది. 2017లో పాసయింది. సర్టిఫికెట్లు అడిగితే, "రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు, బాకీ కట్టి తీస్కపో" అన్నరు. సర్కారు పడ్డ బాకీకి మా నాయిన బర్రెను అమ్మిండు. సర్టిఫికెట్లు చేతికొచ్చినంకనే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయింది.

ముందుగాల ఆ ఆసుపత్రికే పోయింది.

"ఎక్స్‌పీరియన్స్ ఎంతమ్మా?"

"నాలుగేండ్లు మీ వార్డుల్లనే చేసిన సార్."

"అది ట్రైనింగమ్మా. ఎక్స్‌పీరియన్స్ కాదు."

అదే వార్డు, అదే రోగి, అదే సూది. జీతం ఇయ్యని నాడు అది ట్రైనింగ్. జీతం ఇయ్యాల్సిన నాడు అది లెక్కల లేదు.

ఆ తర్వాత పట్నంలో ఎన్ని మెట్లెక్కిందో లెక్క లేదు. ప్రశ్నలు మాత్రం లెక్కబెట్టినట్టు అవే. ఎవరు పంపిన్రు? డాక్టర్లెవరన్న తెలుసా? మీ నాయిన ఏం చేస్తడు? "చెప్పులు కుడ్తడు" అని తలెత్తుకొనే చెప్పింది. "సరే, ఫోన్ చేస్తం" అన్నరు. ఆ ఫోన్ రాలే. చివరికి ఒక ఆసుపత్రి తీసుకుంది. మూడు నెలలు జీతం లేని ట్రైనీ. ఆ తర్వాత నెలకు ఎనిమిది వేలు. రెండేండ్ల బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజర్ బీరువాల. నడుమ మానేస్తే యాభై వేలు కట్టాలె. మా తాతల కాలంలో దీన్ని వెట్టి అన్నరు. ఇప్పుడు ఫ్రెషర్ అంటున్నరు.

చట్టం లేదా అని అడుగుతరు చదువుకున్న మిత్రులు. చెప్తాను. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. కమిటీ కూర్చున్నది. 200 బెడ్లు దాటిన ఆసుపత్రిల సర్కారు నర్సుతో సమానంగ జీతం ఉండాలన్నది. 100 బెడ్లు దాటితే సర్కారు జీతం కన్న 10 శాతానికి మించి తగ్గొద్దన్నది. 50 నుంచి 100 బెడ్లయితే 25 శాతానికి మించి తగ్గొద్దన్నది. 50 బెడ్ల లోపు ఉన్నా 20,000కు తక్కువ ఇయ్యొద్దన్నది. అమలు చేయమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. మా చెల్లె ఎనిమిది వేలకు సంతకం పెట్టింది ఆ సిఫారసులు వచ్చిన రెండేండ్లకు, 2018లో. అదే 2018లో కేరళ ప్రభుత్వం ప్రైవేటు నర్సులకు కనీస వేతనం నోటిఫై చేసింది. దయ పుట్టి చేయలేదు. అక్కడి నర్సులు 2011 నుంచి సంఘం కట్టి, సమ్మెలు చేసి, చేయించిన్రు. కాగితం రెండు దిక్కులా ఒక్కటే. కొట్లాట ఉన్న కాడ అది జీతమయింది. లేని కాడ ఫైలయింది.

2020లో కరోనా వచ్చింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతోని పూలు చల్లిన్రు. మా చెల్లె కిరాయికున్న ఇంటి ఓనరమ్మ మాత్రం "ఖాళీ చేయమ్మా, మాకు పిల్లలున్నరు" అన్నది. ఆమె నడిచిన మెట్లను మందునీళ్ళతో కడిగించింది. నాయనమ్మ వెనుక చల్లినవి ఉత్త నీళ్ళు, మనవరాలి వెనుక చల్లినవి బ్లీచింగ్ నీళ్ళు. ఇంతే మారింది. ఆ రెండేండ్లలో ఐసీయూలో ఆమె చూసినన్ని ప్రాణాలు, పంపినన్ని శవాలు నేను ఈడ రాయలేను.

ఐసీయూలోనే ఆమెకు నర్స్ ప్రాక్టీషనర్ అన్న మాట తెలిసింది. 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టరు కలిసి మొదలుపెట్టిన చదువు ఇది. డాక్టర్లు అందని పేద పిల్లల కోసం పుట్టింది. అక్కడ నర్స్ ప్రాక్టీషనర్ రోగిని పరీక్ష చేస్తది, రోగం తేలుస్తది, మందు రాస్తది. మన నర్సింగ్ కౌన్సిల్ 2016–17లో క్రిటికల్ కేర్‌లో రెండేండ్ల పీజీగా దీన్ని తెచ్చింది. చేరాలంటే బీయస్సీతో పాటు కనీసం ఏడాది పని అనుభవం ఉండాలె. అంటే బీరువాల సర్టిఫికెట్లు పెట్టి, ఎనిమిది వేలకు చేసిన వెట్టే ఈ చదువుకు టికెట్టు. ఆమె చేరింది. వెంటిలేటర్ నడుపుడు, రక్తంలో వాయువుల రిపోర్టు చదువుడు, గుండె ఆగితే ముందుండి లేపుడు నేర్చుకున్నది. 2023లో పాసయింది. తొలి తరం చదువుకున్న మాదిగ పిల్ల, పీజీ నర్స్ ప్రాక్టీషనర్!

మళ్ళ మెట్లెక్కింది. ఈసారి జవాబు కొత్తగ ఉంది. "నర్స్ ప్రాక్టీషనర్ అనే పోస్టు మా దగ్గర లేదు." ఇంకో దగ్గర, "పోస్టు ఉంది గానీ నర్స్ ప్రాక్టీషనర్‌గ ఎక్స్‌పీరియన్స్ ఉన్నోళ్ళు కావాలె." పోస్టే లేని దేశంల ఆ పోస్టు ఎక్స్‌పీరియన్స్ యాడికెళ్ళి తేవాలె? చివరికి స్టాఫ్ నర్సుగనే తీసుకున్నరు. ఇయ్యాల రాత్రి డ్యూటీలో రోగి ఊపిరి తప్పుతుంటే పిలిచేది ఆమెనే. వచ్చే దాకా చూసుకొమ్మని ఫోన్‌లో చెప్పేది ఆమెకే. మెడల కార్డు మీద మాత్రం స్టాఫ్ నర్స్. పని నర్స్ ప్రాక్టీషనర్‌ది, పేరూ జీతమూ కాదు. చెయ్యి కావాలె, చేతికి పేరు వద్దు. ఇది మా నాయనమ్మ కథనే కదా.

సర్కారు కొలువుల సంగతి కూడా దాచను. తెలంగాణలో 2022 డిసెంబర్‌లో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు, 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చినయి. రెంట్లోనూ నర్స్ ప్రాక్టీషనర్ చదువుకు తగ్గ పోస్టు లేదు. వందలో 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు సర్కారు ఆసుపత్రుల్ల కాంట్రాక్టుగానో ఔట్‌సోర్సింగ్‌గానో చేసిన సర్వీసుకు. ఆ చెల్లెండ్ల మార్కుల మీద నాకు ఏడుపు లేదు. ఏండ్ల తరబడి తక్కువ జీతానికి వాళ్ళను అరగదీసిన సర్కారు ఆ మాత్రం ఇయ్యాలె. నా ప్రశ్న వేరే. ప్రైవేటు ఐసీయూలో కరోనా రోగుల నడుమ చేసిన పనికి అక్కడ విలువ సున్న. ప్రైవేటోడు అనుభవం లేదంటడు. సర్కారు ఆ అనుభవం చెల్లదంటది. ఈ రెండు గోడల నడుమ నలిగేది ఎవరి బిడ్డలు?

"నర్సే మందు రాస్తే డాక్టరెందుకు?" అని కొందరు పెద్దమనుషులు అడుగుతరు. ఆసుపత్రిల డాక్టరు, నర్సు, వార్డుబాయి, స్వీపరు అని మెట్లున్నయి. పని పంచుకుంటే తప్పు లేదు. కానీ పనిని పంచుకోవటం వేరు, పనిచేసే మనుషుల్ని ఒకరి నెత్తి మీద ఒకర్ని పేర్చటం వేరని అంబేడ్కర్ 1936లోనే కులనిర్మూలనలో విప్పి చెప్పిండు. కింది మెట్టు మీదున్నోళ్ళకు ఎంత తెలిసినా పై మెట్టు ఎక్కొద్దనేది వైద్యశాస్త్రం కాదు, మనుశాస్త్రం. తెల్లకోటు తొడుక్కుంటే మనువు డాక్టరయిపోడు.

ఇంకొకరు మెరిట్ అంటరు. ప్రైవేటు ఆసుపత్రి మా సొంతం, మా ఇష్టమున్నోళ్ళను పెట్టుకుంటం అంటరు. సొంతమా? 2007 నుంచి ఆరోగ్యశ్రీ పేరు మీద ఈ ఆసుపత్రులకు పోతున్న పైసలు ఎవరివి? నర్సింగ్ కాలేజీకి పోతున్న రీయింబర్స్‌మెంట్ ఎవరిది? ప్రైవేటు కాలేజీ సీట్లల్ల రిజర్వేషన్ పెట్టొచ్చని 2005లో 93వ రాజ్యాంగ సవరణ తెచ్చుకున్నం. ఒకే యజమానిది ఒక బిల్డింగ్ కాలేజీ, పక్క బిల్డింగ్ ఆసుపత్రి. ఈ బిల్డింగ్‌ల రోస్టర్ ఉంటది, ఆ బిల్డింగ్‌ల ఉండదు. ఫీజు కట్టించుకునేటప్పుడు మేము ఎస్సీలం, జీతం ఇచ్చేటప్పుడు మెరిట్ లేనోళ్ళం.

అందుకే అడుగుతున్నాను. బతిమాలుడు కాదు, లెక్క అడుగుడు. ఆరోగ్యశ్రీ పైస తీసుకునే ప్రతి ఆసుపత్రిలో నర్సు కొలువులకు రోస్టర్ పెట్టాలె. 2016 కమిటీ చెప్పిన జీతాలకు చట్టం చేయాలె. ఒరిజినల్ సర్టిఫికెట్లు గుంజుకునే కాలేజీ మీదా, ఆసుపత్రి మీదా కేసు పెట్టాలె. ఇంటర్న్‌షిప్‌ను అనుభవం కింద లెక్కబెట్టాలె. నర్స్ ప్రాక్టీషనర్‌కు సర్కారు ఆసుపత్రుల్ల పోస్టు పెట్టాలె, ఆ పోస్టుకు అధికారం రాసియ్యాలె. డాక్టరు నిలవని తండాల్లో, గూడేల్లో ఇప్పటికే రోగిని చూస్తున్నది నర్సే. ఉన్నదాన్ని ఒప్పుకోవటానికి ఇంకెన్నేండ్లు?

నర్సింగ్ చదువుతున్న చెల్లెండ్లారా, మీకొక మాట. సర్టిఫికెట్లు ఇచ్చేసి సంతకం పెట్టే ముందు ఒక్కదానివే పోకు. పది మందిని తీసుకపో. దండోరా డప్పు కొట్టిన జాతి మనది. అడిగే గొంతు మనకు కొత్త కాదు. ఇక గేటు కాడ "ఎక్స్‌పీరియన్స్ ఎంత?" అని అడిగితే తల వంచకుండ్రి. ఈ దేశపు పుట్టుకల నెత్తురంతా కడిగిన చేతులు మావి, మీ లెక్కల పుస్తకంలో అన్ని పేజీలున్నయా అని అడగండి.